సముద్రం వైపు గేటు

హోటల్ ఉద్యోగంలో చేరబోయే పిల్లలు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు. "ఆంటీ, జనరల్ మేనేజర్ అవ్వాలంటే ఎన్నేళ్ళు పడుతుంది?" నేను పప్పు వడ్డిస్తాను. ఆ లెక్క కంపెనీలు చెబుతాయి. కంపెనీలు చెప్పని సంగతులు కొన్ని నా దగ్గర ఉన్నాయి. అవి రాస్తున్నాను.

నేను హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాను. పెళ్ళయ్యాక అమెరికా వచ్చి, డెట్రాయిట్ విమానాశ్రయం దగ్గర ఒక పెద్ద హోటల్లో హౌస్‌కీపింగ్‌లో చేరాను. అక్కడ పని నేర్చుకున్నాను, మనుషుల్ని మాత్రం నేర్చుకోలేదు. వందల గదులున్న చోట అతిథి అంటే గది నంబరు. మనిషిని చూడటం నేను నేర్చుకున్నది ఆ తర్వాత, సెయింట్ క్రోయ్ అనే దీవిలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న హోటల్లో. నా ఉద్యోగ జీవితంలో చివరి పదేళ్ళ పైచిలుకు అక్కడే మేనేజర్‌గా గడిచింది. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు. ముందే రిటైరై నాతోపాటు వచ్చేశారు. డెట్రాయిట్ పక్కన మా ఊరు నోవైలో, వాకిట్లో మంచు తవ్వే పని తప్పిందని ఆయన సంబరం.

సెయింట్ క్రోయ్ కరీబియన్ సముద్రంలో ఉన్నా అమెరికాదే. అందుకే హెచ్ వన్ వీసా మీద ఉన్న మనవాళ్ళు, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ స్టాంపింగ్ చేయించుకోవాలన్న భయం లేకుండా అక్కడికి వస్తుంటారు. రెడ్‌మండ్ నుంచి, డాలస్ నుంచి పిల్లాపాపలతో దిగి, కార్లు ఎడమ పక్కన నడవడం చూసి "అచ్చం మన దగ్గరలాగే" అని మురిసిపోతారు.

ఆ ఇంటి సంగతి

మా హోటల్ ఒకప్పుడు చక్కెర గిడ్డంగి. డెన్మార్క్ రాజులు ఆ దీవిని ఏలిన కాలంలో కట్టింది. డెన్మార్క్ నుంచి ఓడలు తూలిపోకుండా బరువు కోసం పసుపుపచ్చ ఇటుకలు వేసుకొచ్చి, వాటిని ఇక్కడ దింపి చక్కెర నింపుకుని పోయేవి. ఆ ఇటుకలతోనూ, సముద్రంలోంచి కోసి తెచ్చిన పగడపు రాయితోనూ గోడలు లేపారు. రెండు మూరల మందం. బయట ఎండ పెళపెళలాడుతున్నా లోపల చల్లగా ఉంటుంది. మేడ మీద గదులు, కింద కమానుల వరండా, మధ్యలో రాళ్ళు పరిచిన పెరడు. ఆ పెరటి చివర ఇనుప గేటు తీస్తే నాలుగు మెట్లు, ఆ తర్వాత సముద్రం. కిటికీలకు అద్దాలుండవు, చెక్క పలకల తలుపులే. వాటి సందుల్లోంచి వచ్చే గాలికి ఏసీ అక్కర్లేదు.

యజమానురాలు మిస్ ఆల్తియా. ఆ దీవిలో పెద్దావిడ ఎవరైనా, పెళ్ళయినా కాకపోయినా, పేరుకు ముందు మిస్ చేరుస్తారు. మనం గారు అన్నట్టు. నేను వెళ్ళేటప్పటికే ఆవిడ తల పూర్తిగా నెరిసింది. నడుము మాత్రం నిటారుగా ఉండేది. ఆ ఇంటిని కొన్నది ఆవిడ తల్లి. ఆ తల్లి ఊళ్ళో దొరల ఇళ్ళకు బట్టలుతికి, తర్వాత పూటకూళ్ళు నడిపి, చివరికి ఆ గిడ్డంగి కొని హోటల్ చేసింది.

నేను చేరిన కొత్తలో మయామీ నుంచి ఒక ప్రచార సంస్థ వాళ్ళు హోటల్ కోసం బ్రోషర్ రాసి తెచ్చారు. "చక్కెర రాజ్యమేలిన ఆ మధురమైన రోజుల్లోకి రండి" అని మొదలైంది. మిస్ ఆల్తియా కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మడిచి బల్ల మీద పెట్టింది.

"ఎవరికి మధురం?" అంది.

వచ్చిన కుర్రాడు నవ్వబోయి ఆగాడు.

"ఈ గోడలు కట్టినవాళ్ళకి కూలి ఇవ్వలేదు. వాళ్ళు బానిసలు. వాళ్ళు మా వాళ్ళు. ముందు ఆ మాట రాయండి. గాలి బాగుంటుందని ఆ తర్వాత రాయండి. గాలి నిజంగానే బాగుంటుంది."

అలాగే అచ్చు వేయించింది. అది చదివి రావడం మానేసిన అతిథి ఒక్కరూ నాకు తెలియదు. దాన్ని చదివి, వచ్చిన వెంటనే గోడ మీద చేయి వేసి నిలబడినవాళ్ళు చాలామంది తెలుసు. పాత కట్టడంలో పనిచేసే ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఇదే. దాని చరిత్రకు సెంటు పూయకండి. నిజం చెప్పినా ఇల్లు అందంగానే ఉంటుంది.

నీళ్ళూ తుప్పూ

చిన్న హోటల్ అంటే పోస్ట్‌కార్డు కాదు. అక్కడ నీళ్ళు వానవే. కప్పు మీద పడ్డ చినుకు గొట్టాల్లోంచి నేల కింద తొట్టెలోకి చేరాలి. వాన పడకపోతే మేమూ అతిథులూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోవాలి. సియాటిల్ నుంచి వచ్చినవాళ్ళు గంటసేపు షవర్ కింద నిలబడతారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ ఊళ్ళో ఆకాశానికి కుళాయి కట్టేసే అలవాటే లేదు. నేను బోర్డులు పెట్టించలేదు. ప్రతి అతిథినీ వచ్చిన రోజే పెరట్లోకి తీసుకెళ్ళి, తొట్టె మూత ఎత్తి లోపలికి చూపించేదాన్ని. కింద నల్లగా మెరిసే నీళ్ళను చూసినవాళ్ళు తమంతట తామే కుళాయి కట్టేసేవాళ్ళు.

ఇక ఉప్పుగాలి. మడతబందులు, తాళాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, అన్నింటినీ అది తింటుంది. ఒక పక్క రంగు వేయడం పూర్తయ్యేసరికి రెండో పక్క పెచ్చులూడుతుంది. ఈ పనికి అంతం ఉండదని తెలిసి కూడా విసుక్కోనివాళ్ళే ఈ వృత్తిలోకి రండి.

పొద్దుటి ఆడవాళ్ళు

ఆ దీవిలో పెద్దవాళ్ళకు తెల్లవారగానే సముద్రస్నానం చేసే అలవాటు ఉంది. మా హోటల్ పెరట్లోంచి, ఆ ఇనుప గేటు దాటి, ఊళ్ళోని పెద్ద వయసు ఆడవాళ్ళు రోజూ సముద్రంలోకి దిగేవాళ్ళు. రంగురంగుల టోపీలు, భుజాల మీద తువ్వాళ్ళు. వాళ్ళలో బియాట్రిస్ జడ్జిగా చేసి రిటైరైంది. యూనా ఊరి ఆస్పత్రిలో నర్సుగా చేసింది. మెడలోతు నీళ్ళలో గుండ్రంగా నిలబడి ఊళ్ళో సంగతులన్నీ విచారించేవాళ్ళు. బియాట్రిస్ అక్కడ కూడా తీర్పులు చెప్పేది. తుంటి ఎముక విరిగి మేడ మీద గదికే పరిమితం కాకముందు మిస్ ఆల్తియా కూడా వాళ్ళతో దిగేది.

తీరం అందరిదీ అని అక్కడి చట్టం చెబుతుంది. కానీ తీరానికి పోయే దారి మా పెరట్లోంచి ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే పడవలు బాగుచేసే చోటు దాటి, జారుడు రాళ్ళ మీద నడవాలి. ఆ వయసువాళ్ళ వల్ల కాదు.

మిస్ ఆల్తియా మంచాన పడ్డాక హోటల్ చూసుకోవడానికి మయామీ నుంచి ఆవిడ మేనల్లుడు క్లైవ్ వచ్చాడు. పెద్ద రిసార్టులు నడిపినవాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. హోటల్ వ్యాపారంలో భయస్తుడైన యజమాని కోపిష్ఠి యజమాని కంటే ఎక్కువ పాడు చేస్తాడు. కోపం సాయంత్రానికి దిగుతుంది, భయం రోజురోజుకీ కొత్త రూల్ పెడుతుంది.

ఆ చలికాలంలోనే సియాటిల్ పక్కనున్న బాతెల్ నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. సందీప్, అతని భార్య, తల్లి రాజ్యలక్ష్మి గారు. అందరి పేర్లూ మార్చి రాస్తున్నాననుకోండి. సందీప్ నాన్నగారు అంతకు ముందు ఏడాది పోయారు. తల్లిని ఆర్నెల్లు ఉంచుకుందామని ఖమ్మం నుంచి తీసుకొచ్చాడు. ఆవిడ మాట్లాడటం తగ్గించేసింది.

"ఏం పెట్టినా తింటది, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తది ఆంటీ. కానీ అసలు నవ్వట్లేదు," అన్నాడు చెక్ ఇన్ చేస్తూ. "చేంజ్ ఉంటుందని బుక్ చేశా."

ఆవిడ పొద్దున్నే లేచి, శాలువా కప్పుకుని పెరట్లో కుర్చీలో కూర్చునేది. కొడుకూ కోడలూ ఆలస్యంగా లేచేవాళ్ళు. అటుగా పోతున్న యూనా ఆవిడను చూసి పక్క కుర్చీలో కూర్చుంది. ఇద్దరికీ ఒక్క భాష కలవదు. కాసేపటికి యూనా నన్ను పిలిచింది.

"ఈవిడకు ఎవరు పోయారు?"

నేను ఆశ్చర్యపోయాను. "భర్త. మీకెలా తెలుసు?"

"బతుకంతా ఆస్పత్రిలో గడిపాను వసూ. నీళ్ళలోకి రమ్మని అడుగు."

నేను తెలుగులో చెప్పాను. రాజ్యలక్ష్మి గారు కంగారుపడింది. "అయ్యో, నాకేం ఈతొచ్చని? బట్టలు కూడా లేవు."

"ఒంటి మీద ఉన్నవాటితోనే రమ్మను. సముద్రానికి ఆ పట్టింపు లేదు," అంది యూనా.

పంజాబీ డ్రెస్సుతోనే దిగింది. ఒక చేయి యూనా పట్టుకుంది, ఒక చేయి బియాట్రిస్. మోకాళ్ళ లోతు దాటగానే ఒక అల వచ్చి ముగ్గురినీ కూలదోసింది. లేచి చూస్తే బియాట్రిస్ టోపీ కొట్టుకుపోతోంది. దాని వెనక జడ్జిగారు చేతులు చాచి పరుగెడుతోంది. రాజ్యలక్ష్మి గారు నవ్వింది. మెట్ల మీద నిలబడ్డ నాకు వినపడేంత గట్టిగా నవ్వింది. మర్నాడు ఆవిడే వాళ్ళకంటే ముందు గేటు దగ్గర నిలబడింది. ఆ సంగతి కొడుకుకి చెప్పలేదు. "వాడు భయపడతాడండీ. ఇప్పుడే చెప్పకండి," అంది నాతో.

తాళం

సందీప్ ఒక సాయంత్రం పెరట్లో క్లైవ్‌ను పట్టుకుని ఫిర్యాదు చేశాడు. హోటల్‌తో సంబంధం లేనివాళ్ళు లోపలికి వచ్చి పోతున్నారని, తన తల్లి ఒక్కతీ అక్కడ కూర్చుంటుందని, భద్రత ఏమిటని అడిగాడు. కొడుకుగా అతను అడిగింది న్యాయమే. అప్పటికే బీమా కంపెనీ మనిషి రాబోతున్నాడని హడలిపోతున్న క్లైవ్‌కి ఆ మాట చాలింది. నన్ను పిలిచాడు.

"రేపటి నుంచి ఆ గేటుకి తాళం. బయటివాళ్ళు ఎవరైనా మెట్ల మీద జారిపడితే మనమే బాధ్యులం."

"బీమా వాళ్ళు అలా చెప్పారా?"

"చెప్పేదాకా ఆగుతామా?"

"ఆ తాళం నేను వేయను క్లైవ్. మీ అత్తయ్యను అడగండి."

"ఆవిడను ఇబ్బంది పెట్టొద్దు. నువ్వు వేయకపోతే నేను వేస్తాను," అని తనే వెళ్ళి వేశాడు.

ఆ సాయంత్రం మా ఆయన "రాజీనామా ఇచ్చేయ్, నోవై పోదాం" అన్నారు. నేను ఇవ్వలేదు. ఈ మాట మీరు జాగ్రత్తగా వినండి. పైవాడు తప్పు ఆర్డర్ ఇవ్వగానే ఉద్యోగం విసిరికొట్టడం చూడటానికి బాగుంటుంది. కానీ మీరు పోయాక ఆ తాళం అలాగే ఉంటుంది. ముందు ఆ పైవాడి ముఖం మీదే కాదనండి. తర్వాత అక్కడే ఉండి ఏం చేయగలరో చూడండి.

పొద్దున వెళ్ళేసరికి రాజ్యలక్ష్మి గారు గేటు చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. వీధి వైపు వరండాలో యూనా వాళ్ళు తువ్వాళ్ళతో నిలబడిపోయారు. ఎవరూ గొడవ చేయలేదు. బియాట్రిస్ ఒక్కసారి తాళాన్ని చూసి తల తిప్పుకుంది. గొడవ చేసి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

"ఎందుకేశారండీ?" అని అడిగింది రాజ్యలక్ష్మి గారు. "వాళ్ళింక రారా?"

ఆవిడ ముఖం మళ్ళీ మొదటి రోజులా అయిపోతోంది. కారణం మీ అబ్బాయే అని నేను ఎలా చెప్పను?

వంటగదికి సముద్రం వైపు ఒక తలుపుంది. పడవలవాళ్ళు తెచ్చిన చేపలను లోపలికి తీసుకునే తలుపు. దాని పక్కన సామాను గది, సామాను గదికి వరండాలోకి దారి. పొయ్యి దగ్గరికి పోకుండా అటు నుంచి ఇటు నడవచ్చు. నేను రెండు తలుపులూ తీసి, "ఇటు రండి," అన్నాను. వాళ్ళు ఒకరి వెనక ఒకరు, బియ్యం బస్తాల పక్క నుంచి, ఉల్లిపాయల బుట్టల పక్క నుంచి సముద్రంలోకి వెళ్ళారు. మా వంటాయన పిండిముద్దలు నూనెలో వేయిస్తున్నాడు. జానీకేక్ అంటారు, మన మైసూర్ బోండాకు దూరపు చుట్టం. తిరిగొచ్చేటప్పుడు తలా ఒకటి చేతిలో పెట్టాడు.

బీమా కంపెనీ మనిషి

అలా మూడు నాలుగు రోజులు నడిచింది. క్లైవ్ ఆలస్యంగా లేచే మనిషి. కానీ బీమా కంపెనీ మనిషి చెప్పినదానికంటే ముందే, పొద్దున్నే దిగాడు. క్లైవ్ అతన్ని వెంటపెట్టుకుని హోటలంతా చూపిస్తూ సామాను గది తలుపు తీశాడు. లోపల తడి తలలతో, తువ్వాళ్ళతో ఆడవాళ్ళంతా నిలబడి జానీకేకులు తింటున్నారు. మధ్యలో రాజ్యలక్ష్మి గారు. నెత్తి మీద బియాట్రిస్ ఇచ్చిన పసుపుపచ్చ టోపీ.

క్లైవ్ ముఖం కందగడ్డ అయింది. "నేను తాళం వేసింది దేనికి?"

"గేటుకి," అన్నాను. "అది వేసే ఉంది."

అప్పుడే వెనక నుంచి పరుగున సందీప్ వచ్చాడు. గదిలో తల్లి కనపడక హోటలంతా వెతుకుతున్నాడు. చెప్పులు కూడా లేవు.

"అమ్మా! ఇక్కడేం చేస్తున్నవ్? ఎంత టెన్షన్ పడ్డానో తెలుసా? ఫోన్ కూడా రూమ్‌లనే పెట్టి వచ్చినవ్!"

"ఈతకొచ్చిన్రా," అంది ఆవిడ.

"ఈత... నీకు ఈత రాదు కదా!"

"వస్తలేదు. నేర్పిస్తున్నరు. నిన్న చేతులొదిలేసి తేలిన. యూనా గారిని అడుగు." అని, అతని కంగారు ముఖం చూసి నవ్వేసింది. ఆ నవ్వు విని సందీప్ తల్లిని అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో మేడ మెట్ల మీద చప్పుడైంది. చేతికర్ర టకటక. మిస్ ఆల్తియా దిగుతోంది. కొన్ని నెలలుగా దిగని మనిషి. కింద గోల విని దిగిందో, ఎవరైనా చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు. నేనైతే చెప్పలేదు. నైటీ మీద శాలువా కప్పుకుని వచ్చి సామాను గదిలో బస్తా మీద కూర్చుంది.

"క్లైవ్, మా అమ్మ ఈ ఇల్లు ఎందుకు కొందో తెలుసా?"

"తెలుసు అత్తయ్యా, హోటల్ పెట్టడానికి."

"కాదు. మా అమ్మ పిల్లగా ఉన్నప్పుడు ఈ ఇల్లు ఒక వర్తకుడిది. ఆ గేటుకి తాళం ఉండేది. వాళ్ళ దుప్పట్లు ఉతకడానికి అమ్మను లోపలికి రానిచ్చేవాళ్ళు. సముద్రంలోకి మాత్రం గేటు తీసేవాళ్ళు కారు. కొన్న రోజున అమ్మ చేసిన మొదటి పని ఆ తాళం పగలగొట్టడం. హోటల్ ఆ తర్వాత వచ్చింది. నువ్వు ఈ ఇంట్లో ఏం కావాలంటే అది మార్చు. ఏసీలు పెట్టు. నా గది కూడా అద్దెకివ్వు. ఆ తాళం మాత్రం తియ్యి."

క్లైవ్ బీమా మనిషి వైపు చూశాడు. ఆ పెద్దమనిషి అప్పటికే ఒక జానీకేక్ సగం తిన్నాడు. చేతులు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళి, గేటు చువ్వల్లోంచి మెట్లు చూసి వచ్చాడు.

"నాచు గీయించండి. పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టించండి. జాగ్రత్త అని ఒక బోర్డు. అంతే," అన్నాడు. "తాళం వేయమని మేమెప్పుడు చెప్పాం? ఇలా సామాన్ల మధ్య నుంచి నడిపిస్తే మాత్రం రాయాల్సి వస్తుంది."

అది నాకు తగిలిన మాట. న్యాయమైనదే. క్లైవ్ జేబులోంచి తాళంచెవి తీసి, తనే వెళ్ళి గేటు తెరిచాడు. ఆ వారంలోనే కమ్మీ వచ్చింది. మయామీ నుంచి తెప్పించాడు, తుప్పు పట్టని రకం. భయస్తుల్లో ఒక మంచి గుణం ఉంది. భయం తీరిందంటే పని శ్రద్ధగా చేస్తారు.

సందీప్ వెళ్ళేముందు రిసెప్షన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆంటీ, కంప్లైంట్ ఇచ్చింది నేనే. అమ్మకి చెప్పారా?"

"లేదు బాబూ."

"చెప్పకండి ప్లీజ్."

చెప్పలేదు. ఆవిడ తెలుగు పత్రికలన్నీ చదువుతుంది కనక ఇప్పుడు తెలిసిపోతుంది. ఏం ఫరవాలేదు, ఆవిడ కొడుకు మీద కోపం తెచ్చుకునే మనిషి కాదు.

ఇక మీరు

మిస్ ఆల్తియా ఆ తర్వాత రెండు వానాకాలాలు చూసి కన్నుమూసింది. సముద్రం వైపు కిటికీ తలుపులు తీసి ఉంచిన గదిలో, నిద్రలోనే పోయింది. హోటల్ ఇప్పుడు క్లైవ్ నడుపుతున్నాడు, బాగానే నడుపుతున్నాడు. ఏసీలు పెట్టలేదు.

చిన్న హోటల్ అందం ఎక్కడుంటుందని నన్ను అడుగుతారు. పసుపుపచ్చ ఇటుకల్లో కొంత, గాలిలో కొంత ఉంటుంది. కానీ అతిథులు మళ్ళీ మళ్ళీ వచ్చేది, ఆ ఊరు తమను చూసి తలుపు వేసుకోలేదన్న నమ్మకంతో. ఊరిని బయట పెట్టి లోపల మీరెంత అలంకరించినా అది విమానాశ్రయం పక్కన హోటల్లాగే ఉంటుంది. అలాంటి హోటల్లో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నేనూ రిటైరై మేం నోవై తిరిగొచ్చేశాం. మొన్న ఇక్కడ మంచు కురుస్తుంటే రాజ్యలక్ష్మి గారు ఫోన్ చేసింది. మళ్ళీ బాతెల్ వచ్చిందట. గొంతు ఖంగుమంటోంది.

"వసుంధర గారూ, సెయింట్ క్రోయ్‌కి టికెట్ బుక్ చేసుకున్న."

"సందీప్ వాళ్ళకి సెలవు దొరికిందా?"

"వాళ్ళు రావట్లేదండీ. నేనొక్కదాన్నే పోతున్న. మయామీలో ఫ్లైట్ మారాలంట, మారతా. వాడికింకా చెప్పలే. పోయే ముందు రోజు చెప్తా, లేకపోతే లీవ్ పెట్టి వెంటొస్తడు."

నేను వెంటనే క్లైవ్‌కి ఫోన్ చేసి, సముద్రం వైపు మూల గది ఆవిడకు ఇవ్వమన్నాను. ఆ గది అప్పటికే ఎవరికో ఇచ్చేశానన్నాడు. మార్చమన్నాను. మార్చాడు.